పది నెలల మనుషులు

పద్మ చేత ఆమె ఉద్యోగానికే కేకు కోయించారు.

ఏడో నెల కడుపుతో, నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, రెండో చేత్తో ప్లాస్టిక్ కత్తి పట్టుకుని ఆమె నిలబడితే, కౌరీ రిడ్జ్ ఇన్‌స్టిట్యూట్ స్టాఫ్‌రూమ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. కేకు మీద నీలం క్రీముతో "థాంక్యూ పద్మ" అని రాసి ఉంది. ఆ కేకుకు ఆర్డరిచ్చింది కూడా పద్మే. మార్నింగ్ టీ ఏర్పాట్లు చూడటం ఆమె పనుల్లో ఒకటి మరి. ఈ దేశంలో మనిషిని గెంటేటప్పుడు కూడా మర్యాదకు లోటు రానివ్వరు. మన వైపైతే కనీసం తిడతారు, మనమూ నాలుగు తిట్టే వీలైనా దొరుకుతుంది.

నిజానికి ఆమెను ఎవరూ తీసేయలేదు. డిసెంబరులో ఆమె కాంట్రాక్టు అయిపోయింది, అంతే. ఫిబ్రవరిలో కొత్తది ఇవ్వరు, అంతే. కడుపుతో ఉన్న మనిషిని తీసేస్తే చట్టం ఊరుకోదు. అయిపోయిన కాంట్రాక్టు గురించి చట్టాన్ని ఎవరు అడగొస్తారు?

గుంపులో వెనకగా నిలబడ్డ నిరుపమ కూడా చప్పట్లు కొట్టింది. అందరూ కొడుతున్నప్పుడు చేతులు ముడుచుకుంటే ఎవరి కంట్లో పడతామో అన్న భయం. పక్కన ఫీజుల విభాగంలో పనిచేసే మేలే అనే టోంగా దీవుల ఆవిడ ఒక్కతే చేతులు కట్టుకుని నిలబడింది. కేకు ముక్క ఇవ్వబోతే, "నేను ఇలాంటివి చాలా తిన్నాను" అంది.

ఆక్లండ్ శివార్లలో, ఆల్బనీలో మోటర్‌వే పక్కన అద్దాల భవనం ఆ ఇన్‌స్టిట్యూట్. పంజాబ్ నుంచి, తెలుగు రాష్ట్రాల నుంచి, చైనా నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి పిల్లలు వచ్చి అందులో చేరతారు. వాళ్ళను చేర్చుకునేది, టైమ్‌టేబుళ్ళు వేసేది, వీసాకు కావలసిన కాగితాలు తయారుచేసేది, ఉండటానికి గది దొరకలేదని ఏడిస్తే ఓదార్చేది అంతా ఆఫీసు సిబ్బంది. ఫిబ్రవరి నుంచి డిసెంబరు మొదటి దాకా వాళ్ళకు పది నెలల కాంట్రాక్టు. డిసెంబరు, జనవరి ఇక్కడ వేసవి సెలవులు, ఆ సెలవుల్లో వాళ్ళు ఎవరికీ ఏమీ కారు. మళ్ళీ ఫిబ్రవరిలో కొత్త కాంట్రాక్టు, కొత్తవాళ్ళకు చెప్పినట్టే పాట పాడి స్వాగతం. మేలేకు ఎన్నిసార్లు స్వాగతం చెప్పారంటే, ఆ ప్రసంగం ఆమెకు నోటికొచ్చు.

పది నెలల కాంట్రాక్టు మీద ఈ దేశంలో పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేయడానికి వీల్లేదు. కనీసం ఏడాది ఉండాలి, లేదా పర్మనెంట్ అయినా అయ్యుండాలి. ఆ రెండు నెలలు ఎందుకు కోశారో పైవాళ్ళకు బాగా తెలుసు. పీఆర్ వచ్చినవాడు మంచి ఉద్యోగం చూసుకుని పోతాడు. రానివాడు కాళ్ళ దగ్గరే పడి ఉంటాడు.

నిరుపమ చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక ఇక్కడ చేరింది. భర్త రవిచంద్ర ఒక బ్రెడ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతని వీసా ఆమె వీసాను పట్టుకుని వేళ్ళాడుతోంది. ఏడేళ్ళ కూతురు వర్షిత తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఆ పిల్లకు ఇల్లంటే ఆల్బనీయే. నిరుపమ వీసా సెప్టెంబరులో ముగిసిపోతుంది. ఆలోపు పర్మనెంట్ ఉద్యోగం వస్తే ముగ్గురూ ఉంటారు. లేకపోతే ముగ్గురూ పోతారు.

ఇక విద్యాసాగర్ గురించి చెప్పాలి. ఆపరేషన్స్ మేనేజర్. ఒకప్పుడు తానూ స్టూడెంట్‌గా వచ్చి, పెట్రోల్ బంకులో పనిచేసి, ఈ కుర్చీ దాకా ఎదిగినవాడు. తెలుగువాళ్ళు ఎవరొచ్చి అడిగినా "చూద్దాం లేమ్మా" అని ఏదో ఒక డెస్కు దగ్గర కూర్చోబెట్టేవాడు. అందుకే ఆడవాళ్ళందరికీ ఆయన అన్నయ్య. ఉగాదికి పద్మ బొబ్బట్లు తెచ్చేది, దీపావళికి నిరుపమ అరిసెలు తెచ్చేది. ఉద్యోగం ఇచ్చినందుకు బొబ్బట్లు, ఊడగొట్టకుండా ఉండటానికి అరిసెలు. చేసిన పనికి జీతం తీసుకుంటూ, అది ఎవరో పెట్టిన బిచ్చమనుకోవడం మనవాళ్ళకు ఎవరు నేర్పారో గాని, బాగా నేర్పారు.

ఇంకో అలవాటు కూడా ఉంది మనవాళ్ళకు. వీసా పని అయ్యేదాకా పక్కవాడితో అనరు. ఒకే ఫ్లాట్‌లో ఉండి, ఒకే ఫ్రిజ్ వాడుకుంటూ, అవతలివాడికి పీఆర్ వచ్చిందని ఫేస్‌బుక్‌లో చూసి తెలుసుకున్నవాళ్ళున్నారు. అడిగితే ఒకటే మాట, "చూస్తున్నాం." చెబితే దిష్టి తగులుతుంది. చెబితే ఎవడో అడ్డం పడతాడు. గుడిలో దేవుడికి చెప్పుకునేటప్పుడు కూడా పక్కవాడికి వినపడకుండా చెప్పుకుంటారు.

ఈ అలవాటు విద్యాసాగర్‌కు తెలుసు. ఆయనా మనవాడే కదా.

ఫిబ్రవరిలో నిరుపమ కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన రోజే ఆయన ఆమెను రెండో అంతస్తులో ఫొటోకాపీ మిషన్ దగ్గరికి పిలిచాడు. మిషన్ చప్పుడులో మాట బయటికి పోదు.

"నిరుపమా, ఈ ఏడు ఒకే ఒక్క పర్మనెంట్ పోస్టు శాంక్షన్ అవుతోంది. నీ పేరు పెట్టాను. ఎవరితోనూ అనకమ్మా. మనవాళ్ళ సంగతి తెలుసుగా."

ఆ సాయంత్రం ఇంట్లో దీపం పెట్టుకుని భార్యాభర్తలిద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మర్నాటి నుంచి ఇదివరకు పద్మ చేసిన పని కూడా నిరుపమే నెత్తికెత్తుకుంది. ఎవరూ అడగకుండానే.

*

మార్చిలో పద్మ కూతురి బారసాల. ఆక్లండ్‌లో అద్దె కట్టలేక పద్మ కుటుంబం హామిల్టన్‌లో రోటోటూనాలో ఉన్న ఆమె అన్న ఇంటికి చేరింది. గ్యారేజీలో కార్పెట్ పరిచి, హీటర్ పెట్టి, దాన్నే గది అన్నారు. ఆఫీసు నుంచి నలుగురు వెళ్ళారు. నిరుపమ, మేలే, టైమ్‌టేబుళ్ళు చూసే కరీంనగర్ కుర్రాడు దామోదర్, రిసెప్షన్‌లో కూర్చునే రామమోహన్ గారు. రామమోహన్ గారిది కర్నూలు. అక్కడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, నడివయసులో భార్యాబిడ్డలతో ఇక్కడికి వచ్చి పడ్డాడు. మేలే పాపాయి కోసం తమ వాళ్ళు అల్లిన చాప ఒకటి మోసుకొచ్చింది.

భోజనాల దగ్గర ఒక ఆంటీ అలవాటు ప్రకారం అడిగింది. "ఏమ్మా, మీ పీఆర్ ఎంతవరకొచ్చింది?"

"చూస్తున్నాం ఆంటీ" అంది నిరుపమ.

"చూస్తున్నం" అన్నాడు దామోదర్.

ఉయ్యాల పక్కన కూర్చున్న పద్మ నవ్వింది. పాలిచ్చే తల్లి, ముఖం పీక్కుపోయి ఉంది.

"నేనూ అలాగే అన్నానండీ, చూస్తున్నాం చూస్తున్నాం అని. ఇప్పుడు దిష్టి తగలడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు గనక చెబుతున్నా. విద్యాసాగర్ అన్నయ్య నన్ను ఫొటోకాపీ మిషన్ దగ్గరికి పిలిచి, పర్మనెంట్ పోస్టు నీదే, ఎవరితోనూ అనకన్నాడు. అది నమ్మి, కడుపుతో ఉన్న సంగతి మా అమ్మకంటే ముందు ఆయనకే చెప్పాను."

దామోదర్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఏ మిషిన్ కాడ?"

"రెండో ఫ్లోర్‌లో."

"నాక్కూడ ఆడనే చెప్పిండు" అన్నాడు దామోదర్. "పోయిన నెల. నేను ఇంటికి ఫోన్ జేసి చెప్పిన, పెండ్లి సంబంధం గూడ ఖాయం జేస్కున్నరు."

నిరుపమ వెంటనే నోరు విప్పలేదు. మనిషి ఆశ ఎంత సిగ్గులేనిదో ఆ క్షణాన ఆమెకు తెలిసింది. వీళ్ళిద్దరికీ అబద్ధం చెప్పి ఉంటాడు, నాకు మాత్రం నిజమే చెప్పి ఉంటాడు అనుకుంది. చెబితే పోతుందేమో అనుకుంది. పక్కకు చూస్తే రామమోహన్ గారు తల వంచుకుని విస్తరిలో అన్నం కెలుకుతున్నాడు.

"నాకు కూడా చెప్పారు" అంది చివరికి.

ఏం జరుగుతోందో మేలేకు ఇంగ్లీషులో చెప్పారు. ఆమె పకపకా నవ్వబోయి మధ్యలో ఆపేసింది.

"ముగ్గురు మేనేజర్లు మారారు, ముగ్గురూ నాకు ఇదే చెప్పారు. మొదటిసారి చర్చిలో కృతజ్ఞత కూడా చెప్పుకున్నాను. తర్వాత సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. వెర్రిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను."

పాపాయి ఏడవడం మొదలుపెట్టింది. ఉయ్యాల పాట పాడటానికి వచ్చిన ఆడవాళ్ళు గ్యారేజీ గుమ్మంలో నిలబడి, లోపల ఎవరైనా పోయారా అన్నట్టు చూశారు.

*

మేలే చర్చికి ఒక హాలుంది. ఆదివారం మధ్యాహ్నం అక్కడ సమావేశం పెట్టారు. ఆఫీసులో మాట్లాడుకునే ధైర్యం ఇంకా ఎవరికీ లేదు. తెలుగువాళ్ళు, టోంగావాళ్ళు, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, లైబ్రరీ నుంచి ఇక్కడే పుట్టి పెరిగిన జానిస్ అనే తెల్లజుట్టు కివీ ఆవిడ, పద్మ కూడా, బిడ్డను గుండెకు కట్టుకుని. మేలే పిలిస్తే యూనియన్ నుంచి వచ్చిన ఆర్గనైజర్ చెప్పింది వినడానికి చాలా చిన్న సంగతి.

"మీరు ఒక్కొక్కరుగా సంతకం పెడుతున్నారు. అందుకే ఒక్కొక్కరుగా పోతున్నారు. అందరికీ కలిపి ఒకే ఒప్పందం అడగండి. ఆ బేరసారాలు జరుగుతున్నప్పుడు సమ్మె చేసే హక్కు మీకుంది."

సమ్మె అనగానే కుర్చీలు కిర్రుమన్నాయి. రామమోహన్ గారు లేచాడు.

"నేను ఒక మాట చెప్తా, ఇనండి. కొట్లాడి గెలిస్తే అందరికీ. ఓడితే మాకే. మేలే ఓడితే ఇంటికి పోతుంది, ఆమె ఇల్లు ఈడనే ఉండాది. మేం ఓడితే దేశమే ఇడిసిపెట్టి పోవాల. నా బిడ్డకి వచ్చే ఏడు యూనివర్సిటీ. పీఆర్ లేకుంటే దాన్ని ఫారిన్ స్టూడెంట్ కింద కడతారు. నేను యాడ తెచ్చి కట్టేది? యూనియన్ కడతాదా?"

ఆయన పిరికివాడు కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పులి మీద స్వారీ చేసేవాడికి దిగమని చెప్పడం గట్టు మీద ఉన్నవాడికి తేలికే.

"నువ్వు చెప్పింది నిజం" అంది మేలే, దామోదర్ ఇంగ్లీషులో చెప్పగా విని. "నువ్వు నాకంటే ఎక్కువ పోగొట్టుకుంటావు. కాదనను. ఊరుకుంటే నీకు ఏం మిగులుతుందో అది కూడా చెప్పు."

"నేను ఊరుకున్నాను బాబాయ్" అంది పద్మ. "నోట్లో నాలుక లేనట్టు ఊరుకున్నాను. మా ఇల్లు చూశారుగా."

రామమోహన్ గారు కూర్చున్నాడు. యూనియన్‌లో చేరి ఒకే ఒప్పందం అడుగుదామనేవాళ్ళను చేతులెత్తమన్నారు. నిరుపమ చెయ్యి ఒళ్ళో ఉండిపోయింది. వాళ్ళమ్మ చీరాల దగ్గర పొగాకు గ్రేడింగు షెడ్డులో కూలికి పోయేది. సీజను అయిపోగానే షెడ్డు మూసేసేవారు. ఎన్ని సీజన్లు చేసినా ప్రతి సీజనూ ఆ ఆడకూలీలకు మొదటి రోజే. ఆ బతుకు నీకొద్దని కదా ఆ తల్లి తనను ఎంబీఏ దాకా చదివించింది. ఎంబీఏ చదివి, సముద్రాలు దాటొచ్చి, తాను మళ్ళీ సీజను కూలీయే అయింది. అక్కడ పొగాకు, ఇక్కడ విద్యార్థులు. ఆ సంగతి తట్టగానే నిరుపమకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యెత్తింది.

సమావేశం అయ్యాక చూస్తే రామమోహన్ గారి కుర్చీ ఖాళీగా ఉంది.

*

బేరసారాలు అని పేరే గాని, బేరమాడటానికి అవతలివాళ్ళు వస్తే కదా. యాజమాన్యం తరఫు లాయరు వచ్చి ప్రతిసారీ ఒకటే పాట పాడేవాడు. విద్యార్థుల సంఖ్య ఏటా మారుతుంది, అందుకని సిబ్బంది సంఖ్యా మారే వీలుండాలి.

"విద్యార్థులు రాని ఫిబ్రవరి ఒక్కటి చెప్పండి" అని మేలే అడిగింది. లాయరు కాగితాలు సర్దుకున్నాడు.

ఈలోగా ఫొటోకాపీ మిషన్ దగ్గర పని జోరుగా సాగింది. ఒక్కొక్కరినీ పిలిచేవారు. ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఏడుస్తూ వచ్చి యూనియన్‌లోంచి పేరు తీయించుకుంది. తర్వాత ఇంకో ఇద్దరు. స్టాఫ్‌రూమ్‌లో కప్పులు కడుక్కునేటప్పుడు కూడా ఎవరూ ఎవరి ముఖాలూ చూసుకునేవారు కాదు. విద్యాసాగర్ మాత్రం ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించేవాడు, "తిన్నారామ్మా?" అని. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళు కేకలెయ్యరు.

ఇంట్లో పోరు ఇంకో రకం. రవిచంద్ర చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు.

"సంఘాలూ గింఘాలూ మనకెందుకే? పిల్లని తీసుకుని ఎక్కడికి పోతాం? దానికి తెలుగులో పేరు రాయడం కూడా రాదు. అక్కడికెళ్ళి ఏ స్కూల్లో వేస్తాం?"

"ఊరుకున్నా సెప్టెంబరే కదండీ."

"ఊరుకుంటే ఆయన చేస్తాడేమో."

"పద్మకు చేశాడుగా."

"నువ్వు పద్మవా?" అన్నాడు రవిచంద్ర. అన్నాక తనకే సిగ్గేసి, లేచి వెళ్ళి పిల్ల బూట్లు తుడవడం మొదలుపెట్టాడు.

నిరుపమకు అతని మీద కోపం రాలేదు. అదే మాట తన మనసులోనూ రోజూ తిరుగుతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండింటి మధ్యా నిలబడి రోజులు లెక్కపెట్టడం తప్ప ఆమెకు వేరే ఆలోచన లేకుండా పోయింది. వర్షిత స్కూల్లో నాటకానికి పేరిచ్చానని చెబితే, ఆ నాటకం ఏ నెలలో అని ముందు అడిగింది. నవంబరు అంది పిల్ల. నిరుపమ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి నోట్లో టవలు కుక్కుకుని ఏడ్చింది.

జూలైలో కొత్త బ్యాచ్ చేరే రోజున సమ్మె చేయాలని ఓట్లేసుకున్నారు. ఓడిపోతామన్నవాళ్ళు కూడా ఓటేశారు.

*

ఆ రోజు ఆగని వాన. మోటర్‌వే మీంచి ఈదురుగాలి. యూనియన్ జెండాలు కర్రలకు చుట్టుకుపోయి విప్పుకోలేదు. గేటు దగ్గర పాతికమంది కూడా లేరు. రెయిన్‌కోట్లలో, గమ్‌బూట్లలో, ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. బస్‌వే స్టేషన్ నుంచి కొత్త విద్యార్థులు తడుస్తూ వస్తున్నారు. వాళ్ళు లోపలికి వెళుతుంటే దామోదర్ కరపత్రాలు ఇస్తున్నాడు. పద్మ హామిల్టన్ నుంచి బస్సులో వచ్చింది. బిడ్డను జాకెట్ లోపల దాచుకుని జానిస్ గొడుగు కింద నిలబడింది.

అద్దాల తలుపుకు అవతల రిసెప్షన్‌లో రామమోహన్ గారు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు క్యూ గోడ దాకా సాగింది. ఆయన బయటికి చూడటం లేదు.

"ఆయనకి ఏమిచ్చాడో" అంది పద్మ.

"అందరికీ ఇచ్చిందే" అన్నాడు దామోదర్.

కాసేపటికి తలుపు తెరుచుకుని విద్యాసాగర్ వచ్చాడు. పెద్ద నల్ల గొడుగు. తిన్నగా నిరుపమ దగ్గరికి వచ్చి గొడుగు ఆమె మీదికి పట్టాడు. తెలుగులో, మెల్లగా మాట్లాడాడు. చుట్టూ ఉన్న టోంగావాళ్ళకూ కివీలకూ అర్థం కాదు. దామోదర్ గేటుకు అవతలి పక్కన ఉన్నాడు, పద్మ బిడ్డను ఊరుకోబెడుతోంది.

"తడిసిపోయావు కదమ్మా. ఇదిగో, ఒకసారి చూడు."

ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం. నిరుపమ చూసింది. పర్మనెంట్ అని ఉంది. తన పూర్తి పేరుంది. కింద సీఈఓ సంతకం, అసలైన సంతకం, ఇంకా కొత్త సిరా. ఈసారి అబద్ధం కాదు. అదే ఆమెను చంపేసింది. అబద్ధమైతే ఎంత తేలిగ్గా ఉండేది.

"ఇవాళే సంతకం పెడితే వచ్చే వారం పీఆర్‌కి అప్లై చేసుకోవచ్చు. నువ్వూ, రవీ, పాపా. నేను పైవాళ్ళతో పోట్లాడి తెచ్చాను. ఎవరితోనూ అనకు. నాతో లోపలికి నడు, చాలు."

"మిగతావాళ్ళకి?"

"వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వొస్తే, నీ వెనకే ఒక్కొక్కరూ వస్తారు. ఈ వానలో ఎంతసేపని నిలబడతారు?"

నిరుపమ చెయ్యి కవరు మీద పడింది. వదలబుద్ధి కాలేదు. ఆ చేత్తో తీసుకుంటే నవంబరు నాటకం ఉంది, తెల్లారి లేవగానే రొమ్ము మీద బండ లేకుండా లేవడం ఉంది. ఎవరు తప్పుపట్టగలరు? పిల్ల తల్లి కదా. ఆమె కళ్ళు తలుపు వైపు పోయాయి, లోపల క్యూ ముందు వంగిపోయి కూర్చున్న మనిషి వైపు.

"రామమోహన్ గారికి ఏం చెప్పారు?"

విద్యాసాగర్ చిరాకు పడ్డాడు. "ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా. ఇవాళ కౌంటర్ మీద ఎవరో ఒకరుండాలి."

అంత మామూలుగా అన్నాడు. కుర్చీ ఇటు జరపమన్నట్టు అన్నాడు. ఆ ఒక్క మాటతో నిరుపమకు రేపు కనబడింది. రేపు ఇంకెవరి చేతిలోనో కాగితం పెడుతూ, నిరుపమకు ఏదో ఒకటి చెప్పాలి కదా అంటాడు.

ఆమె గొడుగు కిందినుంచి బయటికి నడిచింది. కాగితం పైకెత్తి పట్టుకుని, ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. "ఇది పర్మనెంట్ కాంట్రాక్టు. నా ఒక్కదానికే ఇచ్చారు. మీ ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను లోపలికి వెళితే మీరందరూ ఒక్కొక్కరూ వస్తారని చెప్పారు. అందుకని చెబుతున్నాను."

"నిరుపమా, పిచ్చిపని చెయ్యకు" అన్నాడు విద్యాసాగర్.

సూట్‌కేసులతో ఇద్దరు కుర్రాళ్ళు లోపలికి పోతున్నారు. తలుపు తెరుచుకుని ఉంది. నిరుపమ ఆ తలుపు దాకా వెళ్ళి తెలుగులో పిలిచింది. "రామమోహన్ గారూ, పర్మనెంట్ పోస్టు నా పేరున ఉంది, వచ్చి చూసుకోండి. మీకు ఏదో ఒకటి చెప్పి కౌంటర్ మీద కూర్చోబెట్టానని ఇప్పుడే నాతో అన్నారు, ఆ నోటితోనే."

రామమోహన్ గారు వెంటనే లేవలేదు. ముందున్న అమ్మాయి పాస్‌పోర్టు ఆమెకు తిరిగి ఇచ్చేశాడు. మెడలో గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు బయటికి వచ్చి, నిరుపమ చేతిలోని కాగితం తీసుకుని, వాన చినుకులు తుడుచుకుంటూ ఆమె పేరు చదివాడు. మళ్ళీ చదివాడు.

"సార్, నిన్న మీరు మా ఇంటికి వచ్చి కాఫీ తాగితిరి" అన్నాడు విద్యాసాగర్‌తో. "నా బిడ్డ ఎదురుగానే చెప్తిరి. నేను దానికి ఏమని చెప్పుకోవాల?"

విద్యాసాగర్ ఆయన వైపు చూడలేదు. నిరుపమ వైపు చూశాడు. "సెప్టెంబరులో ఎయిర్‌పోర్టులో నేను గుర్తొస్తానమ్మా."

ఆ మాట నిజమని ఆమెకు తెలుసు. ఆయన లోపలికి వెళ్ళిపోయాక నిరుపమకు దుఃఖం తన్నుకొచ్చింది. వీరనారిలా ఏమీ లేదు. వాకిట్లో నిలబడి, అందరి ముందూ, ముక్కు తుడుచుకుంటూ ఏడ్చింది. నా పిల్ల గొంతు నేనే కోశానని ఏడ్చింది. మేలే వచ్చి తన రెయిన్‌కోటు సగం ఆమె మీద కప్పి పట్టుకుంది. ఊరుకో అని మాత్రం అనలేదు.

రిసెప్షన్ ఖాళీ. క్యూలో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే బయటికి వచ్చి చూస్తున్నారు. వాళ్ళలో ఒక తెలుగమ్మాయి అడిగింది. "అక్కా, మా ఎన్‌రోల్‌మెంట్ ఎవరు చేస్తారు?"

"ఇవాళ ఎవరూ చెయ్యరమ్మా" అంది పద్మ. "నీ కోర్సు అయ్యాక ఉద్యోగానికి నువ్వు కూడా ఈ కౌంటర్ దగ్గరికే వస్తావు. ఆ రోజు కోసమే నిలబడ్డాం."

ఆ అమ్మాయికి ఎంత అర్థమైందో తెలియదు. సూట్‌కేసు గోడవారన పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది. ఆమె పక్కన ఇంకొకరు చేరారు. ఆ రోజు ఆ భవనంలో ఒక్క పేరు కూడా నమోదు కాలేదు.

రవిచంద్ర ఆ సాయంత్రం అంతా విని అన్నం తినలేదు. పొద్దున నిరుపమ గమ్‌బూట్లు వేసుకుంటుంటే కారు తాళాలు తీసుకుని, "పద, వానలో బస్సు కోసం ఎక్కడ నిలబడతావ్" అన్నాడు. దింపేసి వెళ్ళిపోతాడనుకుంది. కారు పార్క్ చేసి తానూ వచ్చాడు.

అద్దాల తలుపు మూసి ఉంది. మీద లాకౌట్ నోటీసు అంటించారు. యూనియన్‌లో ఉన్న ఎవరినీ ఇక లోపలికి రానివ్వరు, జీతం ఉండదు, యాజమాన్యం షరతులు ఒప్పుకునేదాకా. రామమోహన్ గారు వచ్చాడు, ఈసారి కూతుర్ని కూడా వెంటబెట్టుకుని. యూనియన్‌లోంచి పేరు తీయించుకున్న ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి కూడా వచ్చి వెనకగా నిలబడింది. దూరంగా ఉన్నవాళ్ళు ఏం రాశారు, ఏం రాశారని అడుగుతున్నారు.

నిరుపమ ముందుకు వెళ్ళి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గట్టిగా చదివింది. ఇన్నేళ్ళలో ఆ యాజమాన్యం వాళ్ళందరికీ కలిపి ఒకేసారి చెప్పిన మొదటి మాట అదే. చదవడం అయ్యాక ఎవరూ ఇంటికి వెళ్ళలేదు.